హోమ్‌స్టే వీడియోలో ఇల్లాలెక్కడ?

(అరకు ప్రాంతంలో హోమ్‌స్టేలు నడుపుతున్న, నడపాలనుకుంటున్న స్త్రీల కోసం, వారితో కలిసి పనిచేసే కార్యకర్తల కోసం జరిగిన రెండు రోజుల శిబిరంలో చేసిన ప్రసంగానికి రాతరూపం)



నాకిచ్చిన అంశం "సెలవుల బసకు ఇచ్చే ఇళ్ళ ప్రచారంలో ఆన్‌లైన్ వీడియో". ఉత్తరం చూసి మొదట కాస్త తటపటాయించాను. నేను సోషియాలజీలో డాక్టరేట్ చేసినదాన్ని. ఇరవై ఏళ్ళుగా స్త్రీల ఇంటి శ్రమ మీద పని చేస్తున్నాను. ఇల్లు అద్దెకివ్వడానికి గిరాకీ ఎలా తెచ్చుకోవాలో చెప్పే విద్య నాకు రాదు. అయినా ఒప్పుకున్నానంటే కారణం ఒకటే. ఈ విషయంలో నేను స్వయంగా ఒక తప్పు చేశాను. దాన్ని మీ ముందు చెప్పుకోవడం అవసరమనిపించింది.

అరకుకి దగ్గర్లో ఒక వూళ్ళో, పరిశోధన కోసం వెళ్ళినప్పుడల్లా నేను బస చేసే ఇల్లొకటి వుంది. ప్రభుత్వం కట్టించిన ఇల్లు. పట్టా ఆమె పేరునే వుంది. వెనకాల రెండు గదులు వేసి, విశాఖపట్నం నుంచి శని, ఆదివారాలు వచ్చేవాళ్ళకి ఇవ్వడం మొదలుపెట్టారు. ఆమెను వూళ్ళో అంతా పెద్దక్క అంటారు, నేనూ అలాగే పిలుస్తాను. కొన్నేళ్ళ కిందట ఓ చలికాలం పొద్దున్న, ఆమె పొయ్యి దగ్గర కూచుని రాగి అంబలి కలుపుతుంటే ఫోన్‌తో నాలుగు నిమిషాల వీడియో తీశాను. మంచు, పొగ, పొయ్యి వెలుగు, అన్నీ బాగా కుదిరాయి. వీళ్ళకి నాలుగు డబ్బులొస్తాయి కదాని యూట్యూబ్‌లో పెట్టాను. పెట్టే ముందు అడిగాను కూడా. ఎవర్నడిగానో తెలుసా? ఆమె భర్తని. సెమినార్లలో సమ్మతి గురించి ఉపన్యాసాలిచ్చే నేను, వీడియోలో వున్న మనిషిని వదిలేసి అరుగు మీద కూచున్న మనిషిని అడిగాను.

వీడియో పనిచేసింది. అదే అసలు ఇబ్బంది. అందులో ఇచ్చిన నంబరు పెద్దక్క మరిదిది, ఎందుకంటే ఇంట్లో స్మార్ట్‌ఫోన్ అతనికే వుంది. గదులు ఎవరికిచ్చారో, ఎంతకిచ్చారో, మనుషులు జీపు దిగి సామాను దించేదాకా ఆమెకి తెలిసేది కాదు. ఆ తర్వాత పట్నంలో టూర్లు తిప్పే ఒకాయన ఆ వీడియోని దించుకుని, నా గొంతు తీసేసి, సినిమా పాట కలిపి, తన నంబరు వేసి పెట్టుకున్నాడు. ఆయన తీసుకునేది రాత్రికి మూడు వేలు. ఆ ఇంటికి ముట్టేది ఎనిమిది వందలు. వచ్చినవాళ్ళు పెద్దక్కని చూడగానే "అంబలి కలిపే ఆవిడ మీరే కదా, ఇంకోసారి కలపండి, తీసుకుంటాం" అని ఫోన్లు పైకెత్తేవాళ్ళు. నేను మళ్ళీ వెళ్ళినప్పుడు ఆమె కోప్పడలేదు. "నా ఇల్లు నన్నడక్కండా వూళ్ళు తిరిగేస్తంది మేడం" అంది, అంతే.

నా వీడియో తీసేశాను. ఆయన పెట్టినదాని మీద ఫిర్యాదు చేశాను. ఆ ఫిర్యాదు రాస్తున్నప్పుడే నాకు బాగా ఎక్కిన సంగతి ఒకటుంది. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాకైనా వీడియోకైనా హక్కుదారు దాన్ని తీసిన, తీయించిన మనిషి. అంటే నేను. ఇల్లు ఆమెది, పొయ్యి ఆమెది, శ్రమ ఆమెది, మొహం ఆమెది. "నా సొత్తు దొంగిలించారు" అని రాయగలిగే హక్కు మాత్రం నాది. ఆమెకి వేరే దారి వుంది, నా మొహం నా అనుమతి లేకుండా చూపించారని గోప్యత కింద ఫిర్యాదు చేసుకోవచ్చు. కానీ అది పేరుకు మాత్రమే దారి. ఈమెయిలు లేని మనిషి ఆ ఫారం ఎట్లా నింపుతుంది? ఒక చోట తీయించగలిగాను. మరో రెండు చోట్ల ముక్కలు ముక్కలుగా ఇంకా తిరుగుతూనే వుంది.

వీడియో వద్దు అని చెప్పడానికి రాలేదు నేను. ఈ వ్యాపారం మొదట్నించీ బొమ్మ మీదే నిలబడింది. ఎయిర్‌బీఎన్‌బీ 2008లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైంది. 2009లో న్యూయార్క్‌లో గిరాకీ లేకపోతే, దాన్ని పెట్టినవాళ్ళు కారణం వెతికి, ఇళ్ళ ఫొటోలు బాగాలేవని గ్రహించి, కెమెరా అద్దెకు తీసుకుని ఇంటింటికీ తిరిగి తామే ఫొటోలు తీశారు. రాబడి పెరిగింది. ముక్కూమొహం తెలియని వూరికి పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చే మనిషి ముందు తన కళ్ళతో చూసుకోవాలనుకుంటుంది. అది న్యాయమైన కోరికే. ఫొటో దాచిపెట్టేది వీడియో దాచలేదు. గది ఎంత వుందో, కిటికీ ఎటు తెరుచుకుంటుందో, మరుగుదొడ్డికి బయటికి వెళ్ళాలో లోపలే వుందో నడుస్తూ చూపిస్తే తెలిసిపోతుంది. 2016లో గుజరాత్‌లో సేవా సంస్థ ఎయిర్‌బీఎన్‌బీతో ఒప్పందం చేసుకుని గ్రామీణ స్త్రీల ఇళ్ళను అతిథులకు తెరిపించడం మనలో చాలామందికి తెలుసు. అసంఘటిత రంగ స్త్రీల మధ్య దశాబ్దాలుగా పనిచేస్తున్న సంస్థ ఆ దారి ఎంచుకుందంటే, మనం దూరంగా నిలబడి ముక్కు మీద వేలేసుకోవడం సరికాదు. నా ప్రశ్న వేరు: ఆ కెమెరా ఎవరి చేతిలో వుంది, ఎంత ఎత్తులో వుంది?

ఎత్తు అని వూరికే అనలేదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత స్త్రీలు, అక్షరం రానివాళ్ళు చాలామంది, వీడియో కెమెరా పట్టి తమ వ్యవసాయం మీద, విత్తనాల మీద, పత్తి రైతుల కష్టాల మీద సినిమాలు తీసిన సంగతి మీకు తెలిసిందే. వాళ్ళు కెమెరా కోణాలకి తమ పేర్లు తామే పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్, ఎందుకంటే పటేలు తమని చూసేది అట్లాగే. కళ్ళకి కళ్ళు ఎదురుగా వుండేది సంఘం షాట్, సంఘంలో అందరూ ఒకే చాప మీద కూచుంటారు గనక. సినిమా విద్య మీద నేను చదివిన పుస్తకాల్లో ఇంత సూటి నిర్వచనం కనబడలేదు.

ఇప్పుడు అరకు, లంబసింగి, వంజంగి హోమ్‌స్టేల వీడియోలు వరసపెట్టి చూడండి. నేను నలభైదాకా చూసి నోట్సు రాసుకున్నాను. దాదాపు ప్రతిదీ డ్రోన్‌తో మొదలవుతుంది. మబ్బుల పైనుంచి లోయ, లోయలో ఇల్లు, వాకిట్లో చీమలాగా ఒక మనిషి. పటేలుకి గుర్రం కూడా ఇంత ఎత్తు ఇవ్వలేదు. తర్వాత పరుపు, తెల్ల దుప్పటి, చలిమంట, బొంగులో చికెన్. వీటిలో ఇల్లాలు ఎక్కడ అని వెతికితే, రెండే చోట్ల దొరుకుతుంది. తలమీద కట్టెలమోపుతో వెనకనుంచి, లేదా థింసా ఆడుతూ ముందునుంచి. ఆ తెల్ల దుప్పటి వుతికిందెవరో, చలిమంటకి కట్టె తెచ్చిందెవరో ఎక్కడా లేదు. ఇంటి శ్రమ కనబడని శ్రమ అని ఇన్నాళ్ళూ చెప్పుకుంటూ వచ్చాం. ఇక్కడ అది ఒక మెట్టు పైకెక్కింది. శ్రమ ఫలితం అమ్ముడుపోతుంది, చూడముచ్చటైన ముక్క వరకూ శ్రమ కూడా అమ్ముడుపోతుంది, శ్రమ చేసిన మనిషికి కూలి లేదు. ఎందుకంటే "మన ఇంటి పనే కదా". పెద్దక్క లెక్క నేను రాసి చూశాను. అతిథులున్న రోజు నాలుగింటికి లేచి రాత్రి పదకొండింటికి నడుం వాలుస్తుంది. ఆ రోజు పొలానికి వెళ్ళాల్సిన పని కూతురి మీద పడుతుంది. కూతురికి ఆ రోజు బడి లేదు.

థింసా సంగతి వచ్చింది గనక ఒక మాట. 2012 జనవరిలో అండమాన్ జారవా స్త్రీల చేత పర్యాటకుల ముందు తిండి ఆశ చూపి నాట్యం చేయించిన వీడియో బయటపడి ప్రపంచమంతా గోల అయ్యింది. అందరం సిగ్గుపడ్డాం. అరకు పరిస్థితి అదే అనను. ఇక్కడ థింసా బృందాలు డబ్బు మాట్లాడుకునే వస్తున్నాయి, అది వాళ్ళ హక్కు. కానీ మాట్లాడుకున్నది ఒక రాత్రి ఆటకి. దాన్ని వీడియో తీసి ఏళ్ళ తరబడి తన రిసార్టు ప్రకటనగా వాడుకోవడానికి ఎవరైనా విడిగా అడిగారా, విడిగా ఇచ్చారా? ఇక్కడున్న బృందం అక్కలు తల అడ్డంగా వూపుతున్నారు, నాకు కనబడుతోంది.

మొహం చూపించడం గురించి చాలామంది అడిగారు. దీనికి తేలికైన జవాబు లేదు. న్యూయార్క్ ఇళ్ళ మీద హార్వర్డ్ బిజినెస్ స్కూల్ పరిశోధకులు ఎడెల్‌మన్, లూకా 2014లో ఒక అధ్యయనం వెలువరించారు. అదే రకం ఇంటికి నల్లజాతి యజమానులకి వచ్చే అద్దె కంటే ఇతరులకి సుమారు 12 శాతం ఎక్కువ వస్తోందని అందులో తేలింది. యజమాని ఫొటో ఇంటి పక్కనే వుంటుంది మరి. 2017లో అచ్చయిన ఇంకో అధ్యయనంలో, నల్లజాతివాళ్ళవని గుర్తుపట్టే పేర్లతో గది అడిగినవాళ్ళకి ఒప్పుకోలు సుమారు 16 శాతం తక్కువగా దొరికింది. విమర్శలు వచ్చాక, అతిథి ఫొటో గది ఖాయమయ్యాకే యజమానికి కనబడేలా ఆ సంస్థ 2018లో మార్చుకుంది. మన దగ్గర రంగు బదులు ఇంకోటి పనిచేస్తుంది. నేను పెద్దక్క ఇంట్లో వుండగా వచ్చిన ఫోన్లు విన్నాను. "వంట ఎవరు చేస్తారండీ?" "వెజ్‌కి గిన్నెలు వేరేగా వుంటాయా?" "మీరేమిట్లు?" అని నేరుగా అడిగిన పెద్దమనిషీ వున్నాడు. వీడియోలో వంటగది చూపించామంటే ఈ ప్రశ్నని మనమే ఇంటికి పిలిచినట్టు. చూపించకపోతే మనని మనమే దాచుకున్నట్టు. నా అభిప్రాయం చూపించమనే. వంటగది చూసి రానివాళ్ళు రాకపోతేనే మంచిది, వచ్చాక అన్నం ముందు కూచుని మొహం ముడుచుకునే కంటే. అయితే ఇది జీతం వచ్చే మనిషి అభిప్రాయం. రెండు వారాలు గదులు ఖాళీగా వుంటే బెంగపడేది నేను కాదు. నిర్ణయం మీది.

ఇక ఫోన్. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశం మొత్తం మీద తాము స్వయంగా వాడుకునే ఫోన్ వున్న స్త్రీలు 54 శాతం. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవాళ్ళు 33 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఈ రెండో అంకె 21 మాత్రమే. అది అన్ని జిల్లాలూ కలిపిన లెక్క, ఏజెన్సీ సంగతి మీరే వూహించుకోండి. మనం ఏళ్ళ తరబడి ఆస్తి హక్కు కోసం కొట్లాడాం. 1986లో మన రాష్ట్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి కూతుళ్ళకి సమాన భాగమిచ్చింది, 2005లో దేశమంతటికీ వచ్చింది. ఆ చట్టం షెడ్యూల్డ్ తెగలకి వర్తించదని ఇక్కడున్న ఆదివాసీ అక్కలకి నేను చెప్పక్కర్లేదు. మీకున్నవి వేరే దారులు. ఇళ్ళ పట్టాలు స్త్రీల పేర ఇచ్చారు. 2006 అటవీ హక్కుల చట్టం భార్యాభర్తలిద్దరి పేరా కలిపి పట్టా ఇమ్మంటుంది. అవి చేతికొచ్చాయి. తీరా చూస్తే, ఇల్లు ఆమె పేర, ఇంటి రాబడి ఫోన్ పేర. ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తుందో వాళ్ళే ఇవాళ యజమాని. అందుకని వీడియో తీయడం కంటే ముందు మూడు సంగతులు తేల్చుకోండి. ఖాతా ఎవరి పేర, నంబరు ఎవరిది, డబ్బు పడే బ్యాంకు పుస్తకం ఎవరి దగ్గర. మరిదికో కొడుక్కో పని అప్పగించవచ్చు, తప్పులేదు, కుర్రాళ్ళకి అది బాగా వచ్చు. పని అప్పగించడం వేరు, తాళంచెవులు అప్పగించడం వేరు.

భూమి గురించి చెప్పకుండా అరకులో హోమ్‌స్టే మాట ఎత్తకూడదు. 1/70గా మనమంతా పిలుచుకునే 1970 నాటి సవరణ ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో స్థిరాస్తి గిరిజనేతరులకి బదిలీ కాకూడదు. బదిలీ అంటే అమ్మకమొక్కటే కాదు. తనఖా, లీజు, దానం, మార్పిడి అన్నీ దాని కిందికే వస్తాయి. "అమ్మట్లేదు కదమ్మా, పదేళ్ళకి లీజు రాయించుకుంటున్నాం" అనే మాటకి చట్టంలో చోటు లేదు. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, ప్రభుత్వం కూడా ఇక్కడి భూమిని గిరిజనేతరులకి లీజుకివ్వకూడదంది. అయినా బినామీ పేర్లతో గుడారాలు, కాటేజీలు లేస్తున్నాయి. ఇక్కడ వీడియో మనకి పనికొచ్చే ఆయుధం కూడా. "మా రిసార్టుకు స్వాగతం" అంటూ ఒకాయన తన పేరు, తన నంబరు చెప్పుకుంటూ సర్వే నంబరు గుర్తుపట్టేలా ఆవరణంతా తిప్పి చూపిస్తుంటే, అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? కార్యకర్తలు అటువంటివి తేదీతో సహా భద్రం చేసుకోండి.

సరే, వీడియో ఎలా తీయాలి? ఈ పని మీద నాకంటే మధ్యాహ్నం వచ్చే కుర్రది బాగా చెబుతుంది. నేను చూసి నేర్చుకున్నవి కొన్ని చెబుతాను. ఖరీదైన కెమెరా అక్కర్లేదు. ఫోన్ అద్దం చీరకొంగుతో తుడిస్తే సగం పని అయినట్టే, నిజంగా. కంటి ఎత్తున పట్టుకోండి. అదే సంఘం షాట్. రోడ్డు దగ్గర మొదలుపెట్టి ఇంటిదాకా నడవండి, వచ్చేవాళ్ళు నడవబోయేది ఆ దారే. గది తలుపు, గొళ్ళెం లోపలినుంచి పడుతుందని చూపించండి. ఒంటరిగా వచ్చే ఆడపిల్ల ముందు చూసేది పరుపు కాదు, గొళ్ళెం. మరుగుదొడ్డి, నీళ్ళు, వేన్నీళ్ళు ఎలా ఇస్తారో చూపించండి. ఫోన్ సిగ్నల్ అందకపోతే అందదని చెప్పండి. రెండు మూడు నిమిషాలు చాలు. మాట మీరే చెప్పండి, మీకొచ్చిన తెలుగులో, లేకపోతే మీ భాషలోనే చెప్పి కింద తెలుగు వేయించండి. నంబరు మాటలోనూ చెప్పండి, బొమ్మ మీదా వేయండి, తుడిచేసి తమది అంటించుకోవడం అప్పుడు కాస్త కష్టమవుతుంది. నా వీడియోలో ఆ జాగ్రత్త లేదు. సినిమా పాట కలపకండి, దానికి హక్కుదారులున్నారు. పొలంలో గాలి, కోళ్ళ అరుపు చాలవా?

మంచు గురించి. డిసెంబరులో తీసిన మంచుని ఏప్రిల్‌లో అమ్మకండి. ఏ నెలలో తీశారో చెప్పండి. తప్పుదోవ పట్టించే ప్రకటనలు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద నేరుగా తప్పు. ఉచితంగా బస చేసి, తిని, "అద్భుతం" అని వీడియో పెట్టే కుర్రాళ్ళు వస్తుంటారు. తమకి ప్రతిఫలం ముట్టిందని వాళ్ళు చూసేవాళ్ళకి చెప్పి తీరాలని 2022 మార్గదర్శకాలు, 2023 జనవరిలో వచ్చిన వివరణ స్పష్టంగా అంటున్నాయి. ఉచితంగా ఇచ్చే ముందు ఒక కాగితం మీద రాయించుకోండి. ఏం తీస్తారు, ఎక్కడ పెడతారు, ఎవరి నంబరు వేస్తారు, వద్దంటే తీసేస్తారా. చదివి వినిపించమని అడగడానికి మొహమాటపడకండి.

పిల్లల మొహాలు వద్దు. మీ ఆడపిల్లలు పడుకునే గది వద్దు. భర్త లేని స్త్రీ ఒక్కతే నడిపే ఇల్లయితే, ఆమె ఒక్కతే వుంటుందని వీడియోలో ఎవరూ నోరు జారకూడదు. ఇంకోవైపు, అతిథి కూడా స్త్రీయే కావచ్చునని మర్చిపోకండి. గదిలోగానీ స్నానాలగదిలోగానీ రహస్యంగా కెమెరా పెట్టడం ఐటీ చట్టం 66ఈ కింద, 2024 జూలై నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. ఎయిర్‌బీఎన్‌బీ 2024లో ఇంటి లోపల ఏ నిఘా కెమెరా అయినా సరే నిషేధించింది. వాకిట్లో కెమెరా వుంటే వీడియోలోనే చూపించి చెప్పండి, మీ మీద నమ్మకం పెరుగుతుంది.

ఉత్తరాఖండ్‌లో మున్‌సియారి దగ్గర సర్మోలి అనే వూరుంది. అక్కడ మాటీ సంఘటన్ అనే స్త్రీల సంఘం 2004 నుంచి హోమ్‌స్టేలు నడుపుతోంది. వాళ్ళు పర్యాటకాన్ని విడిగా చూడలేదు. అడవి మీద హక్కు, ఇంట్లో హింస మీద పోరాటం, సంపాదన, అన్నీ ఒకే సంఘం పనులు. వూరివాళ్ళే తమ ఫొటోలు, కథలు తామే ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకున్నారు. 2023లో కేంద్ర పర్యాటక శాఖ ఆ వూరిని ఉత్తమ పర్యాటక గ్రామంగా ఎంపిక చేసింది. అవార్డు సంగతి అలా వుంచితే, నన్ను ఆకట్టుకున్నది సంఘం ముందు, ఇల్లు తర్వాత అన్న క్రమం. మన దగ్గర పొదుపు సంఘాలు ప్రతి వూళ్ళో వున్నాయి. నాలుగిళ్ళు కలిసి ఒకే ఖాతా, ఒకే నంబరు, ఒకే వీడియో పెట్టుకుంటే ఎనిమిది వందలకి ఇల్లు అడిగేవాడు ఎవరితో బేరమాడతాడు?

పెద్దక్క ఇక్కడే వుంది, మూడో వరసలో. పోయిన చలికాలం ఆమె సొంతంగా ఒక ఫోన్ కొనుక్కుంది, పసుపు అమ్మిన డబ్బుతో. ఒక వీడియో తీసింది. అది చూసినప్పుడు నేను కొంచెం నొచ్చుకున్నాను కూడా. అందులో అంబలి లేదు, పొయ్యి లేదు, ఆమె మొహమూ లేదు. గొంతు వుంది. మెట్లు, బోరింగు, గదులు, గొళ్ళేలు చూపించి, గదికింత, భోజనానికింత, బట్టలు వుతకడం వుండదు, ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి గది ఖాళీ చెయ్యాలి, మాకు సంత వుంది, అని చెప్పి ఆపేసింది. వంటగది చూపించమని నేనిచ్చిన సలహా ఆమె తీసుకోలేదు. ఎందుకని అడిగితే "అది మాది మేడం" అంది.

భోజనాల తర్వాత ఆ వీడియో చూద్దాం. ఎలా తీసిందో ఆమే చెబుతుంది. ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకోండి, మూడింటికి కరెంటు పోతుందంటున్నారు.